ఆర్డెన్ హత్య: షేక్‌స్పియర్ చెయ్యి ఉందా?

ప్రశ్న: 'ఆర్డెన్ ఆఫ్ ఫేవర్‌షమ్' అనే నాటకం షేక్‌స్పియర్‌దేనని ఎక్కడో చదివాను. ఆయన తల్లి ఇంటిపేరూ ఆర్డెనే కదా, సొంతవాళ్ల కథ రాసుకున్నాడా? అసలు ఆ ఊరు ఉందా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఊరుందమ్మా, హత్యా నిజమే, అది జరిగిన ఇల్లూ ఇంకా నిలబడే ఉంది. ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, కాంటర్‌బరీకి దగ్గర్లో ఉన్న చిన్న రేవు పట్టణం ఫేవర్‌షమ్. ఇంటిపేరు సంగతి మాత్రం పక్కన పెట్టండి. షేక్‌స్పియర్ తల్లిది వార్విక్‌షైర్. ఈ ఆర్డెన్‌తో ఆమెకు చుట్టరికం ఉన్నట్టు ఆధారమేమీ లేదు.

థామస్ ఆర్డెన్ ఆ రేవులో సుంకం వసూలు చేసే అధికారి, 1548లో ఊరికి మేయరు. ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించాక, అక్కడి మఠం భూముల్ని చేజిక్కించుకున్నాడు. ఊరికీ మఠానికీ మధ్య పంచుకుని జరిగే సంతను మొత్తంగా తన నేలలోకి లాక్కుని, ఆ రాబడీ తనే తిన్నాడని చరిత్రకారుడు హోలిన్‌షెడ్ రాశాడు. చచ్చినప్పుడు ఊళ్లో ఎంతమంది ఏడ్చారో మరి!

1551 ఫిబ్రవరి 15, ఆదివారం. ఆర్డెన్ తన ఇంట్లోనే, భార్య ఆలిస్ ప్రియుడు మోస్బీతో కూర్చుని పాచికలాడుతున్నాడు. కిరాయి హంతకుడు బ్లాక్ విల్ వెనకనుంచి వచ్చి మెడకు తువ్వాలు బిగించాడు. మోస్బీ దర్జీ పని చేసినవాడు. ఆరు కిలోలకు పైబడిన ఇస్త్రీపెట్టెతో తలమీద మోదాడు. శవాన్ని వెనక పొలంలో పడేశారు. కురుస్తున్న మంచు అడుగుజాడల్ని కప్పేస్తుందనుకున్నారు గానీ అది కాస్తా ఆగిపోయింది. పైగా శవం కాలి చెప్పుల్లో, గదిలో నేలమీద పరిచిన రెల్లు ఇరుక్కుని కనిపించింది. దాంతో హత్య ఇంట్లోనే జరిగిందనీ, అందులో ఆలిస్ చెయ్యి ఉందనీ బయటపడింది. భర్తను చంపడం అప్పటి చట్టం దృష్టిలో ఒక రకం ద్రోహం. అందుకే ఆలిస్‌ను కాంటర్‌బరీలో నిలువునా కాల్చారు.

నాటకం 1592లో అచ్చయింది, రచయిత పేరు లేకుండా. రాజుల పతనాలే విషాదాలుగా చెల్లుతున్న రోజుల్లో ఒక ఇంటి రచ్చను రంగస్థలం ఎక్కించిందే, నాకు దాని గొప్పతనం అక్కడే కనిపిస్తుంది. తరగతిలో చెప్పేటప్పుడు పిల్లలు పడీపడీ నవ్వే చోటు ఒకటుంది. ఆర్డెన్‌ను వేసేద్దామని లండన్‌లో కాపు కాస్తుంటే, అంగడి కుర్రాడు దించిన కిటికీ తలుపు బ్లాక్ విల్ నెత్తినే పడుతుంది.

ఇక షేక్‌స్పియర్ మాట. దాన్ని లేవనెత్తింది ఎవరనుకున్నారు? ఫేవర్‌షమ్ వాడే! ఎడ్వర్డ్ జేకబ్ అనే వైద్యుడు, ఊరి చరిత్ర రాసుకున్న మనిషి, 1770లో నాటకాన్ని మళ్లీ అచ్చేయించి ఇది షేక్‌స్పియర్‌ది కావచ్చన్నాడు. సొంత ఊరి అభిమానం అని కొట్టిపారేద్దామంటే, 2016లో షేక్‌స్పియర్ రచనలన్నీ కూర్చిన న్యూ ఆక్స్‌ఫర్డ్ సంపుటాల సంపాదకులు అందులో కొంత భాగం ఆయనదేనని చేర్చుకున్నారు. ముఖ్యంగా ఆలిస్, మోస్బీ తిట్టుకుని మళ్లీ కలిసిపోయే ఎనిమిదో రంగం. ఆ ఒక్క రంగం వరకు నేనూ ఒప్పుకుంటాను. మిగతాదాని మీద పందెం కాయను.

ఎప్పుడైనా అటు వెళ్తే ఇల్లు ఆబీ స్ట్రీట్‌లో ఉంటుంది. బయటినుంచే చూసి రండి, లోపల ఎవరో కాపురముంటున్నారు.