కవి చెప్పిన దారి, కవి చెప్పిన ఎత్తు

ప్రశ్న: చైనాలో వెయ్యేళ్ల కిందటి పద్యాల్లో వచ్చే చోట్లను మ్యాపులో గుర్తించి, వాటిని బట్టి వారసత్వ ప్రణాళికలు వేస్తారని చదివాను. కవుల మాటలు కోటలు దాటతాయి కదండీ, ప్లానింగ్ వాళ్లు వాటిని ఎలా నమ్ముతారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దాటతాయమ్మా, అనుమానమే లేదు. తాంగ్ రాజుల కాలపు కవి లీ బాయ్ పద్యంలో తియన్‌మూ కొండ ఆకాశానికి ఆనుకుని ఉంటుంది. పైగా అదంతా కలంటాడు. కానీ ఆ కలలోనే వెన్నెల ఆయన్ని అద్దం సరస్సు దాటించి షాన్ యేటి దగ్గర దింపుతుంది. ఆ కాలపు కవులు పడవల్లో నిజంగా వెళ్లిన దారి అది. జెజియాంగ్ రాష్ట్రం ఇవాళ తాంగ్ కవితా మార్గం పేరుతో ఈ దారినే పైకి తెస్తోంది. ఎత్తు సంగతిలో కవిని నమ్మకండి, దారి సంగతిలో నమ్మొచ్చు.

ఎందుకంటే వాళ్లలో చాలామంది బదిలీల మీద ఊళ్లు తిరిగిన ఉద్యోగులు. 822లో హాంగ్‌జౌకు పెద్ద అధికారిగా వచ్చిన బాయ్ జుయీ, వెస్ట్ లేక్ అనే అక్కడి సరస్సు మీద రాసిన పద్యాన్ని ‘గూషాన్ గుడికి ఉత్తరాన, జియా మండపానికి పడమర’ అని మొదలుపెట్టాడు. దస్తావేజులో హద్దులు రాసినట్టు లేదూ! నీళ్లు గట్టుతో సమంగా ఉన్నాయి, వానకోయిల గూటికి మట్టి తీసుకెళ్తోంది, గడ్డి గుర్రం డెక్క మునిగేంతే ఎదిగింది. చివర విల్లో చెట్ల నీడన తెల్ల ఇసుక గట్టు. ఆ గట్టు ఆయనే కట్టించాడని జనం నమ్మకం, ఇప్పుడు దానికి ఆయన పేరే. పద్యం చూస్తేనేమో అది అప్పటికే ఉంది. ఆయన కట్టించిన గట్టు వేరే, అది ఇప్పుడు లేదు.

2011లో యునెస్కో జాబితాకెక్కిన ఈ సరస్సుకు మూడు వైపులా కొండలు, తూర్పున ఊరు. నన్నడిగితే, ఆ తూర్పున ఎంత ఎత్తు కట్టొచ్చో పడవలోంచి చూసి తేల్చాలి. దక్షిణ సాంగ్ రాజుల కాలం (12, 13 శతాబ్దాలు) నుంచి పేరున్న ఈ సరస్సు పది దృశ్యాల్లో నాన్‌పింగ్ కొండ సాయంకాలపు గంట ఒకటి. గంట మోతకు హద్దు గీయమంటే ఏ ఇంజనీరుకైనా టెన్షనే.

పోయినవాటినీ మ్యాపులో చూపించాలి. తాంగ్ కవి త్సుయ్ హావ్ పద్యంతో వెలిగిన వుహాన్ పసుపు కొంగ మేడ పాత చోటు 1957 నాటి యాంగ్‌ట్సీ నది వంతెనకు పోయింది. 1985లో సుమారు కిలోమీటరు అవతల కొత్త మేడ లేపారు. ఆ కవి చూసిన చిలకల లంక నదిలో కలిసిపోయింది. కృష్ణ పక్కన ఉండేవారు, లంకల సంగతి మీకు చెప్పాలా? ఆ పేరు ఇప్పుడు 2014లో తెరిచిన ఇంకో వంతెనకు ఉంది. మేడెక్కి పద్యం చదువుకునేవాళ్లకు ఈ ముక్క చెప్పే బోర్డు అక్కడే ఉండాలంటాను నేను.