స్విచ్ వేసింది మొదలు ఫ్యాన్ హోరు

ప్రశ్న: మా డెస్క్‌టాప్ ఆరేళ్ల కిందటిది. ఈమధ్య కేబినెట్ వెనక ఫ్యాన్ పాడైతే కొత్తది వేయించాం. అప్పటి నుంచి స్విచ్ వేసింది మొదలు ఆపేవరకూ ఒకటే హోరు. దుమ్ము దులిపించినా తగ్గలేదు. మా అమ్మాయికి ఆన్‌లైన్ పాఠాలు సరిగా వినబడటం లేదు. కంప్యూటర్ మార్చాల్సిందేనా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అవసరం లేదండీ. వేడి వల్ల వచ్చే హోరు పనిని బట్టి హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. ఏ పనీ లేనప్పుడు కూడా ఒకే స్థాయిలో మోగుతోందంటే, ఫ్యాన్ వేగాన్ని అదుపు చేయాల్సిన ఏర్పాటు పనిచేయడం లేదని ముందుగా అనుమానించాలి. కొత్త ఫ్యాన్ వేసినప్పటి నుంచే మొదలైందన్నారు కాబట్టి నా అనుమానం మరింత బలపడుతోంది.

కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పక్క మూత తెరిచి, కొత్త ఫ్యాన్ వైరు మదర్‌బోర్డుకు తగిలే చోట ఎన్ని రంధ్రాలున్నాయో చూడండి. నాలుగుంటే, వేగం ఎంత ఉండాలో చెప్పే సంకేతం నాలుగో తీగ మీదుగా వెళ్తుంది. మూడే ఉంటే ఆ సంకేతం అందుకునే దారే లేదు. వోల్టేజీని తగ్గిస్తేనే అది నెమ్మదిస్తుంది. మదర్‌బోర్డు మాత్రం నాలుగో తీగ ఉందనే లెక్కలో పూర్తి 12 వోల్టులూ ఇస్తూ ఉంటే, ఫ్యాన్ ఎప్పుడూ గరిష్ఠ వేగంతోనే తిరుగుతుంది. ఇలాంటి హోరుకు దుమ్ము దులపడం మందు కాదు.

మూడు రంధ్రాలదే అయితే, కంప్యూటర్ ఆన్ కాగానే డిలీట్ లేదా ఎఫ్2 మీటను వరసగా నొక్కి బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెళ్లి, ఫ్యాన్ సెట్టింగుల్లో ఆ ఫ్యాన్‌కు పీడబ్ల్యూఎం (నాలుగో తీగ సంకేతంతో అదుపు) అని ఉన్నచోట డీసీ (వోల్టేజీతో అదుపు) అని మార్చి సేవ్ చేయండి. వేగం సగానికి తగ్గితే శబ్దం దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. కొన్ని పాత బోర్డుల్లో ఈ సదుపాయం ఉండదు. అప్పుడు నాలుగు తీగల ఫ్యాన్ వేయించుకోవడమే మంచిది.

అప్పటికీ తగ్గకపోతే ప్రాసెసర్ మీది కూలర్‌ను చూడండి. ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే కూలర్ అయితే నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. దుమ్ము దులిపేటప్పుడు వాటిలో ఒక్కటి ఊడినా కూలర్ ఒక పక్కకు లేచి, ప్రాసెసర్ వేడెక్కి, ఫ్యాన్ ఆపకుండా పరుగెడుతుంది. వేలితో మెల్లగా కదిపితే వదులైన మూల ఇట్టే దొరుకుతుంది. కూలర్‌ను పూర్తిగా తీసి పెట్టాల్సి వస్తే మాత్రం పాత థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే పూత) తుడిచి కొత్తది రాయించండి.

శబ్దం ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) నుంచే వస్తోందని తేలితే దాన్ని మీరు విప్పకండి. ప్లగ్ తీశాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. మొత్తంగా మార్పించడమే క్షేమం.