ఆడమ్స్, జెఫర్సన్ ఉత్తరాల మీద రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఆశీస్సులు. అమెరికా అధ్యక్షులుగా చేసిన జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ పదవులు దిగిపోయాక రాసుకున్న ఉత్తరాల మీద నువ్వు మొదలుపెట్టిన వ్యాసం అందింది, చదివాను. నీ వాక్యం చదివిస్తుంది, ఆ విషయంలో నాకు బెంగ లేదు. బెంగంతా కొటేషన్ల గురించే. పేజీ నిండా పరిచావు గానీ ఒక్కదానికీ తేదీ లేదు, ఎవరు ఎవరికి ఎందుకు రాశారో లేదు. ఉత్తరాన్ని సూక్తుల కింద తరిగేస్తే అది ఉత్తరంగా మిగలదు. ఒక రోజున బయల్దేరి, ఇంకో రోజున చేరి, ఆ మధ్యలో ఏం జరిగిందో తెలియని మనిషి చదువుకున్నది అది. ఆ ఇద్దరి మధ్య దూరాన్నీ రోజుల్నీ నీ పాఠకుడికి చూపించగలిగితే వ్యాసం నిలబడుతుంది.

ముందు పునాది సరిచేసుకో. 1800 ఎన్నికల్లో జెఫర్సన్ చేతిలో ఓడిన ఆడమ్స్ మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లోని క్విన్సీకి వెళ్లిపోయాడు. జెఫర్సన్ రెండు దఫాలు అధ్యక్షుడిగా చేసి 1809 మార్చిలో వర్జీనియాలోని తన ఎస్టేటు మాంటిచెల్లోకి చేరాడు. 1812 దాకా రెండిళ్ల మధ్య మాటల్లేవని రాశావు. అది పూర్తి నిజం కాదు. 1804లో జెఫర్సన్ కూతురు మరియా పోయినప్పుడు అబిగేల్ ఆడమ్స్ పరామర్శ రాసింది. దానికి జవాబు, జవాబుకి జవాబు అంటూ కొన్ని ఉత్తరాలు నడిచి, పాత రాజకీయ గాయాలు రేగి ఆగిపోయాయి. ఇదంతా ఆడమ్స్‌కి తెలియకుండా జరిగింది. ఆ నవంబర్‌లో భార్య కోరితే మొత్తం చదివి, ప్రస్తుతానికి తను అనేదేమీ లేదని కాపీల అడుగున రాసిపెట్టాడు. ఆ చిన్న రాత పక్కన పెట్టి చూడు, 1812 నాటి పలకరింపు బరువు తెలుస్తుంది.

రాజీ కుదిర్చిన ఫిలడెల్ఫియా డాక్టరు బెంజమిన్ రష్‌కి నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు. ఒక పేరా ఇవ్వు. వీళ్లిద్దరూ మళ్లీ స్నేహితులైనట్టు కల వచ్చిందని 1809 అక్టోబర్‌లో ఆడమ్స్‌కి రాసినవాడు ఆయనే. 1811 వేసవిలో క్విన్సీ వచ్చిన వర్జీనియా యువకులతో, జెఫర్సన్ అంటే తనకెప్పుడూ ఇష్టమేనని ఆడమ్స్ అన్నాడు. ఆ మాట మాంటిచెల్లో చేరింది. నాకిది చాలు అన్న ధోరణిలో జెఫర్సన్ డిసెంబర్‌లో రష్‌కి రాశాడు. అప్పుడు కదిలాడు ఆడమ్స్.

1812 జనవరి 1 నాటి ఉత్తరం చిన్నది. ఈ ప్రాంతంలో ఇంట్లో నేసిన రెండు గుడ్డలు వేరే కట్టగా పోస్టులో పంపుతున్నానని, వాటిని తయారుచేసినవాడు చిన్నతనంలో మీ ఆదరణ పొందినవాడేనని అందులో ఉంది. కట్ట కంటే ఉత్తరం ముందు చేరింది. జెఫర్సన్ నిజంగానే బట్టలనుకున్నాడు. జనవరి 21న కూర్చుని వర్జీనియాలో ఇంటి నేత ఎలా సాగుతోందో వివరంగా రాశాడు: ప్రతి కుటుంబమూ ఒక కార్ఖానాయే, ఇంట్లో మనిషికో గొర్రె ఉంటే, పండించుకునే పత్తి, జనప, అవిసెలతో కలిపి బట్టకు లోటుండదు, జెన్నీ రాట్నం, మగ్గం మించిన యంత్రాలు ఇళ్లలో నడవవు, సన్న బట్టకు మాత్రం మీ ఉత్తరాదివాళ్ల మీదే ఆధారపడతాం. కట్ట వచ్చి విప్పితే రెండు పుస్తకాలు. ఆడమ్స్ కొడుకు జాన్ క్విన్సీ హార్వర్డ్‌లో వక్తృత్వం మీద చెప్పిన పాఠాలవి. ఇంకాస్త చురుగ్గా ఊహించి ఉంటే నిజం నేత మీద ఈ ఉపన్యాసం చదివే శ్రమ మీకు తప్పేదని 23న మళ్లీ రాశాడు.

దీన్ని నువ్వు తమాషా సంఘటనగా ఒక్క పంక్తిలో దాటించావు. అక్కడే ఆగాలి. మొదటిది, 21నాటిదాన్ని 23నాటిది లేకుండా చదివితే జెఫర్సన్‌కి నేతపని మీద హఠాత్తుగా ఆసక్తి పుట్టిందనుకుంటాం. ఒక్క కట్ట ఆలస్యమైతే ఒక ఉత్తరం విషయమే మారిపోయింది. రెండోది, బ్రిటన్ సరుకుల దిగుమతి మీద నిషేధమున్న ఆ రోజుల్లో స్వదేశీ బట్ట రాజకీయం కూడా, ఆడమ్స్ పలకరింపులో ఆ చురక కొంచెం ఉంది. మూడోది, బట్టల గొడవ అయ్యాక అదే ఉత్తరంలో జెఫర్సన్ స్వరం మారుతుంది. మీ ఉత్తరం చూస్తే ఇద్దరం ఒకే పనికోసం కష్టాల్లో కలిసి పాటుపడిన రోజులు గుర్తొచ్చాయంటాడు. పత్రికలు మానేసి టాసిటస్, థుసిడిడీస్, న్యూటన్, యూక్లిడ్ చదువుకుంటున్నానంటాడు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో పొటోమాక్ నదికి ఇవతల మిగిలింది తనొక్కడేనంటాడు. గొర్రెల లెక్క నుంచి ఈ మాటల దాకా ఆయన ఎలా నడిచాడో చూపించు. నువ్వు చివరి ముక్కలే తీసుకున్నావు.

ఇక పని పద్ధతి. ఒక పట్టిక గీసుకో. రాసిన తేదీ, అందిన తేదీ, ఏ ఉత్తరానికి జవాబు, కూడా ఏం పంపారు, మన చేతికి దొరికింది ఏ ప్రతి అని గళ్లు పెట్టు. అందిన తేదీలకు జెఫర్సన్ పెద్ద సాయం చేశాడు. వచ్చిన ఉత్తరం మీద ఎవరు, ఎక్కణ్నుంచి, ఎప్పుడు రాశారు, ఎప్పుడు చేరింది అని రాసి పెట్టుకునేవాడు. ఇది కాక 1783 నుంచి చనిపోయే ఏడాది దాకా వచ్చినవీ పంపినవీ వరసగా ఎక్కించిన చిట్టా ఉంది. 1812 తర్వాత ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు 158, అందులో ఆడమ్స్‌వి 109, జెఫర్సన్‌వి 49. అంటే ఒకటికి ఒకటి జోడీ కుదరదు. 1813 వేసవిలో ఆడమ్స్ ఒకదాని వెనక ఒకటి రాస్తూపోయాడు. జెఫర్సన్ ఒక్క జవాబులో మూడు నాలుగింటిని సర్దుతాడు. ఎదురెదురు ప్రయాణించి దారిలో దాటుకున్నవీ ఉన్నాయి. ఒక ఉత్తరం కింద తర్వాతిదాన్ని పెట్టి జవాబనుకుంటే, అసలు అడగని ప్రశ్నకు సమాధానం చెప్పించినవాడివవుతావు.

ఆ అంకెలు చూసి ఆడమ్స్‌కి ప్రేమ ఎక్కువ, జెఫర్సన్‌కి తక్కువ అని తేల్చేశావు. తొందరపాటు. అప్పట్లో పోస్టు ఖర్చు సాధారణంగా ఉత్తరం అందుకున్నవాడు కట్టాలి, దూరాన్ని బట్టీ షీట్ల లెక్కనా. బాగా దూరమైతే ఒక్క షీటుకే 25 సెంట్లు. మాజీ అధ్యక్షులిద్దరికీ కాంగ్రెస్ చట్టం చేసి పోస్టు ఉచితం చేసింది, పంపేవాటికీ వచ్చేవాటికీ. అందుకే పేజీలు లెక్కపెట్టకుండా రాసుకోగలిగారు. అందుకే దేశంలో ఎవడికి ఏ సందేహం వచ్చినా మాంటిచెల్లోకి రాసిపడేశాడు కూడా. 1820లో తనకొచ్చిన ఉత్తరాలు లెక్కపెడితే 1,267 తేలాయని, చాలావాటికి వెతికి వెతికి జవాబు రాయాలని, ఇదీ ఒక బతుకేనా, గానుగ తిప్పే గుర్రం బతుకు అని 1822 జూన్‌లో ఆయన ఆడమ్స్‌తోనే మొరపెట్టుకున్నాడు. ఆ గుట్టలోంచి చేయి తీసి క్విన్సీకి రాసిన 49 అవి.

చేతుల సంగతి కూడా మరవకు. జెఫర్సన్ కుడి మణికట్టు 1786లో పారిస్‌లో విరిగి సరిగా అతకలేదు, 1822లో ఎడమ చెయ్యి విరిగింది. ఆడమ్స్‌కి చేతుల వణుకు, చూపు మందం. చివరి ఏళ్ల ఉత్తరాలు ఎక్కువగా ఇంట్లోవాళ్లకు చెప్పి రాయించినవి. చెప్పి రాయించిన వాక్యం నడక వేరుగా ఉంటుంది, వినేవాళ్లు ఎదురుగా ఉంటారు కదా. చేతిరాత ఎవరిదో నీ పట్టికలో నోట్ చేసుకో.

ప్రతుల విషయంలో చాలామంది దెబ్బతింటారు. జెఫర్సన్ 1804 నుంచి పాలీగ్రాఫ్ అనే యంత్రం వాడాడు. రెండు కలాలు చెక్క చట్రంతో ముడిపడి ఉంటాయి, తన కలం కదిలితే రెండోది పక్క కాగితం మీద అదే అక్షరం గీస్తుంది. కాబట్టి దాచుకున్న ప్రతీ పంపిన ప్రతీ రెండూ ఆయన చేతిరాతలాగే కనిపిస్తాయి. అప్పట్లో కవర్ల వాడకం అరుదు. షీటునే మడిచి, వెనక అడ్రసు రాసి, లక్క వేసేవారు. అడ్రసు, మూల మీద ఉచిత పోస్టు సంతకం, లక్క ఊడదీసినప్పటి చిరుగు ఉంటే అది నిజంగా చేరిన ఉత్తరం. ఆ చిరుగులో ఒకటి రెండు మాటలు పోతాయి. ప్రచురణలో చదరపు బ్రాకెట్లలో ఉన్నవి సంపాదకులు ఊహించి పూరించిన అక్షరాలు, వాటి మీద వాదన కట్టకు. ఆడమ్స్ వైపు బైండు చేసిన నకళ్ల పుస్తకాలున్నాయి. నకలుకీ చేరినదానికీ తేడా వస్తే, అవతలివాడు చదివింది చేరినదే.

పాఠాల కోసం అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వారి ఫౌండర్స్ ఆన్‌లైన్ చాలు, డబ్బు కట్టక్కర్లేదు. అందులో ‘ఎర్లీ యాక్సెస్’ అని గుర్తున్నవి పూర్తిగా సరిచూడనివి. జెఫర్సన్ కాగితాల బొమ్మలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరుకుతాయి, ఆడమ్స్ కుటుంబానివి బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. నువ్వు ఇంటర్నెట్‌లో ఏరిన కొటేషన్లలో తేదీ, ఎవరికి రాశాడన్నది దొరకనివన్నీ కొట్టెయ్. జెఫర్సన్ అననివి ఆయన పేరు మీద కొల్లలు. అన్నవాటినీ ఒక కంట కనిపెట్టు. మిస్సోరిని బానిసత్వమున్న రాష్ట్రంగా చేర్చుకోవాలా వద్దా అన్న గొడవను అర్ధరాత్రి అగ్గి గంటతో పోల్చింది ఆడమ్స్‌కి రాసిన ఉత్తరంలో కాదు, 1820 ఏప్రిల్‌లో జాన్ హోమ్స్‌కి రాసినదాంట్లో.

ముసలివాళ్ల జ్ఞాపకాన్ని సాక్ష్యంగా వాడేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర పెట్టుకో. 1822లో ఆడమ్స్ ఒకప్పటి తన విదేశాంగ మంత్రి పికరింగ్‌కి రాస్తూ, ప్రకటన ముసాయిదా పని తమ ఇద్దరికీ అప్పగించారని, నువ్వే రాయమని జెఫర్సన్‌ని తనే ఒప్పించానని చెప్పాడు. అది జనంలోకి వెళ్లింది. 1823 ఆగస్టులో జెఫర్సన్, తన తర్వాత అధ్యక్షుడైన మాడిసన్‌కి రాస్తూ, ఇద్దరి ఉపసంఘమన్నది లేదు, అయిదుగురూ కలిసి తనొక్కణ్నే రాయమన్నారు, 88 ఏళ్లవాడి జ్ఞాపకానికి 80 ఏళ్లవాడు ఎదురు చెప్పడం తగదు గానీ తన దగ్గర అప్పటికప్పుడు రాసుకున్న నోట్సున్నాయి అన్నాడు. గట్టి మాటే. కానీ అదే జెఫర్సన్, ప్రకటన మీద 1776 జూలై 4నే సంతకాలయ్యాయని ముసలితనంలో పట్టుబట్టాడు. ఆ రోజు ఆమోదం మాత్రమే, ఎక్కువమంది సంతకం చేసింది ఆగస్టు 2న. నోట్సున్నవాడూ తప్పుతాడు.

మాడిసన్‌కి అలా రాసిన ఆరు వారాలకు, 1823 అక్టోబర్ 12న జెఫర్సన్ ఆడమ్స్‌కి రాసిన ఉత్తరం ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టం. ముసాయిదా తగువు ఊసే అందులో లేదు. కోపమున్న రోజుల్లో ఆడమ్స్ కన్నింగ్‌హామ్ అనే బంధువుకి జెఫర్సన్‌ని తిడుతూ రహస్యంగా రాసినవి ఆ ఏడాది అచ్చయ్యాయి, కొడుకు జాన్ క్విన్సీ అధ్యక్ష ఎన్నికకు దెబ్బ తగలాలని. ఆడమ్స్ ఎంత నలిగి ఉంటాడో ఊహించు. జెఫర్సన్ మొదట తన చేతుల సంగతి చెబుతాడు: మణికట్లు, వేళ్లు సహకరించవు, రాయడం కష్టం, మీకు రాసేటప్పుడు మాత్రం ఆ బాధ మరిచిపోతాను. ఆ తర్వాత, ఈ వయసులో పాతవి తవ్వుకుని మన ప్రేమను పాడుచేసుకుంటామా అంటాడు. క్విన్సీలో పొద్దున ఫలహారాల దగ్గర దాన్ని పైకి చదివించారు. ఇంతకన్నా మంచి ఉత్తరం ఎవరూ రాయలేదని నవంబర్‌లో ఆడమ్స్ జవాబు. నువ్వు దీన్ని ఒక్క వాక్యానికి కుదించావు. మణికట్టు మాటతో సహా ఇవ్వు, లేకపోతే ఆ క్షమకు వెల తెలియదు.

మన దేశం ప్రస్తావన ఉందని సంబరపడ్డావు. ఉంది, 1813 డిసెంబర్ 25 నాటి ఆడమ్స్ ఉత్తరంలో. హిందువుల ‘శాస్త్ర’ గ్రంథం పీఠికలో ఉన్నంత గొప్ప దైవచింతన ఎక్కడుందని అడుగుతాడు. అంత మాత్రాన ఆయన వేదాలు చదివాడని రాయకు. ఇంగ్లిషు మతచింతకుడు ప్రీస్ట్లీ రాసినటువంటి ఐరోపా పుస్తకాల మీదుగా వడగట్టి వచ్చిందే ఆ ఎరుక. రెండు వాక్యాలు చాలు.

దేని మీద మౌనంగా ఉన్నారో అదీ రాయాలి. ప్రతి కుటుంబమూ ఒక కార్ఖానా అన్న ఆ 1812 ఉత్తరం మళ్లీ తియ్యి. మాంటిచెల్లోలో నూలు వడికిందీ బట్ట నేసిందీ బానిస స్త్రీలూ ఆడపిల్లలూ. ఆ ఉత్తరంలో వాళ్లు కనిపించరు. జెఫర్సన్ జీవితకాలంలో ఆయన సొత్తుగా బతికినవాళ్లు 600 మందికి పైనే. ఆడమ్స్ బానిసల్ని ఉంచుకోలేదు, కానీ ఆయనా నిలదీయలేదు. యాభై ఏళ్లుగా ఇది దేశం మీద నల్లమబ్బులా వేలాడటం చూస్తున్నానని, ఇది నాకు అంతుపట్టదు, మీకే వదిలేస్తున్నానని దక్షిణాదివాళ్లతో అనేవాణ్నని 1821 ఫిబ్రవరిలో రాశాడు. ఆ స్నేహం నిలబడటానికి ఈ తప్పుకోవడం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. జెఫర్సన్ అప్పులు తీర్చడానికి 1827 జనవరిలో 130 మందిని అమ్మకానికి పెట్టినట్టు ప్రకటన వచ్చింది. ఆ సంగతి లేకుండా మాంటిచెల్లో ప్రశాంతత గురించి రాయడం అన్యాయం.

ఇద్దరూ 1826 జూలై 4నే పోయారన్నదాంతో వ్యాసం ఎత్తుకున్నావు. అందరూ అక్కణ్నుంచే ఎత్తుకుంటారు. తీసెయ్, చివర ఒక పంక్తి చాలు. దాని ముందు ఆ ఏప్రిల్ 17న ఆడమ్స్ రాసిన ఆఖరి ఉత్తరం పెట్టు. జెఫర్సన్ మనవడు రాండాల్ఫ్ క్విన్సీకి వచ్చి వెళ్లాడు. మీ వర్జీనియా వాళ్లంతా ఇంత పొడుగేమిటి, ఆయన పక్కన మా న్యూ ఇంగ్లండ్ వాళ్లం మరుగుజ్జులమని అంటాడు తొంభై ఏళ్లు నిండినవాడు. ఆ వెంటనే రాజకీయాల్లో తిట్లు మునుపటికంటే పెరిగాయని విసుక్కుంటాడు.

తిరగరాయడం ఇప్పుడే మొదలుపెట్టకు. 1812 జనవరి నుంచి 1813 డిసెంబర్ దాకా ఉత్తరాలన్నీ వరసగా, రెండు వైపులవీ చదివి, ముందు ఆ పట్టిక నింపి పంపు. 1813 మే చివరి నుంచి జూలై దాకా జాగ్రత్త. జెఫర్సన్ ఎప్పుడో 1801లో ప్రీస్ట్లీకి రాసింది లండన్‌లో అచ్చయి ఆడమ్స్ కంటపడింది అప్పుడే. ఒకరికొకరు వివరించుకోకుండా మనం చచ్చిపోకూడదన్న ప్రసిద్ధమైన మాట జూలై 15న వచ్చింది ఆ వేడిలోంచే. అక్కడ ఏది దేనికి జవాబో తేలకపోతే గడి ఖాళీగా వదిలెయ్, ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ
అన్నయ్య