వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో రివ్యూకి వెళ్తే "వేరే రోజు రండి" అన్నారా?

ఆపరేషన్ తర్వాత మళ్లీ చూపించడానికి ములుగు నుంచి నాన్నగారిని తీసుకొచ్చి, ఓపీలో గంటలు నిలబడి వెనక్కి వెళ్లామని రాశారు. కారణం దాదాపుగా ఒకటే: మీరు వచ్చింది మీ యూనిట్ రోజు కాదు.

ఎంజీఎం కాకతీయ మెడికల్ కాలేజీకి (1959) అనుబంధ ఆసుపత్రి. బోధనాసుపత్రుల్లో సర్జరీ, మెడిసిన్ లాంటి పెద్ద విభాగాలు యూనిట్లుగా పనిచేస్తాయి. ఒక్కో యూనిట్‌కి ఒక ప్రొఫెసర్, ఆయన కింద అసిస్టెంట్లు, పీజీలు (పైచదువు చదువుతున్న డాక్టర్లు). ఓపీ రోజులు కూడా వేరువేరు. నాన్నగారు అడ్మిట్ అయిన రోజు డ్యూటీలో ఉన్న యూనిట్టే ఆపరేషన్ చేసి ఉంటుంది, తర్వాత చూసేదీ వాళ్లే.

ఇలా చేయండి:

1. డిశ్చార్జి కాగితం తీయండి. అందరూ మందుల చీటీ చూసి దీన్ని మడిచి పెట్టేస్తారు, అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. పైభాగంలో యూనిట్ నంబరు ఉంటుంది, చాలాసార్లు రోమన్ అంకెల్లో: మూడు నిలువు గీతలుంటే మూడో యూనిట్. పక్కనే డాక్టర్ పేరు.

2. కనిపించకపోతే వార్డుకే వెళ్లి సిస్టర్‌ని అడగండి, "ఈ యూనిట్ ఓపీ ఏ రోజు?" అని.

3. ఆ రోజు పొద్దున్నే రండి. పాత కాగితాలు, ఎక్స్‌రేలు అన్నీ తేండి.

కుట్ల దగ్గర చీము, జ్వరం, వాపు ఉంటే మాత్రం యూనిట్ రోజు కోసం ఆగొద్దు. నేరుగా క్యాజువాలిటీకి (అత్యవసర విభాగానికి) తీసుకెళ్లండి, రాత్రయినా సరే.