పూలు మన తీరిక చూసి పూయవు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒక్క పూటలో పూలతోట చూసి రావడం గురించే ఉన్నాయి. ఒక తోట సంరక్షణలో 22 ఏళ్లు పనిచేసినదాన్ని కాబట్టి వీటికి జవాబు రాయడం నాకు చాలా ఇష్టమైన పని. మూడు ఉత్తరాలు తీసుకున్నాను.

ప్రశ్న: రెండు నెలల ముందే తేదీ అనుకుని, నలుగురికీ సెలవు కుదుర్చుకుని పూలసాగు చూడటానికి వెళ్లాం. మూడు గంటల ప్రయాణం. తీరా చూస్తే సాళ్ల నిండా పచ్చటి కాడలు, అక్కడక్కడా నాలుగు పూలు. ముందురోజే కోత అయిపోయిందన్నారు. పిల్లలు ముఖాలు చిన్నబుచ్చుకున్నారు. మా చెల్లెలు మాత్రం ముందు ఏమీ అనుకోకుండా పొద్దున లేచి బయల్దేరుతుంది. వెళ్లిన ప్రతిసారీ నిండుగా పూసిన తోటనే చూసి వస్తుంది. ఇది ఆమె అదృష్టమా?

జవాబు: అదృష్టం కాదమ్మా. మీ చెల్లెలు చేస్తున్నదే సరైన పద్ధతి. ఆ సంగతి ఆమెకు కూడా తెలియకపోవచ్చు.

పూత ఎప్పుడు మొదలవుతుందనేది ఎండ, వాన, రాత్రి చలి కలిసి తేల్చే విషయం. నేను పనిచేసినన్నాళ్లూ ఒక పుస్తకంలో మొదటి పువ్వు విచ్చిన తేదీలు రాసుకున్నాను. గోడ పక్కన ఉన్న ఒకే ఒక తీగ అన్నిటికంటే త్వరగా పూసిన ఏడాదికీ, ఆలస్యంగా పూసిన ఏడాదికీ మధ్య 19 రోజుల తేడా వచ్చింది. ఆ తీగ మారలేదు, నేల మారలేదు. అలాంటప్పుడు రెండు నెలల ముందు ఖాయం చేసుకున్న తేదీ చీకట్లో వేసిన బాణమే. తగిలితే తగులుతుంది. పూలను అప్పటికప్పుడు అనుకుని బయల్దేరేవారే సరిగ్గా అందుకుంటారు.

ఇక మీరు చూసిన పచ్చటి కాడల సంగతి. తోట వేరు, పూలసాగు వేరు. తోటలో పువ్వు విచ్చుకోవడం కోసమే మొక్క ఉంటుంది. అమ్మకం కోసం పెంచేచోట చాలా పూలను విచ్చకముందే కోస్తారు. గ్లాడియోలస్ కాడలో కింది మొగ్గలు ఒకటి రెండు రంగు చూపగానే కత్తి పడుతుంది. మిగతావి ఎవరి ఇంట్లోనో, నీళ్ల పాత్రలో విచ్చుకుంటాయి. గులాబీలదీ ఇంచుమించు అదే తీరు. అంటే ఆ రైతుకు పని బాగా జరిగిన రోజున మనకు చూడటానికేమీ మిగలదు. నెదర్లాండ్స్‌లో దుంపల కోసం తులిప్‌లు పెంచే రైతులైతే పూసిన కొద్ది రోజులకే పూలతలలను యంత్రంతో నరికేస్తారు. గింజ కట్టడానికి పోయే బలమంతా దుంపకు చేరాలని అలా చేస్తారు. అదే గింజ కోసం వేసిన పొద్దుతిరుగుడైతే పూలు చేను మీదే ఉండి ముదురుతాయి.

అందుకే ఎక్కడికి వెళ్లాలన్నా ముందురోజు సాయంత్రం ఫోను చేయండి. పూలున్నాయా అని మాత్రం అడగకండి. ఉన్నాయనే అంటారు, అది అబద్ధమూ కాదు. ఈ పంట దేనికోసం వేశారు, మొగ్గల్లో ఎన్నోవంతు విచ్చాయి, రేకులు రాలడం మొదలైందా, కోత ఎప్పుడు, చూడటానికి రానిస్తారా అని అడగండి. మూడొంతుల మొగ్గలు విచ్చాయి, రాలడం మొదలవలేదు అన్నారంటే మర్నాడు పొద్దున్నే బయల్దేరాల్సిందే.

అలా బయల్దేరాలంటే ఇల్లు సిద్ధంగా ఉండాలి. మా ఇంట్లో తలుపు వెనక ఒక సంచి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. అందులో టోపీలు, ఒక దుప్పటి, మట్టి అంటినా బాధలేని చెప్పులు, చిన్న తువ్వాలు ఉంటాయి. నీళ్ల సీసాలు నింపుకుంటే చాలు. దాంతోపాటు రెండు గంటల్లో చేరగలిగిన చోట్లు మూడో నాలుగో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎక్కడ ఏ నెలలో పూస్తాయో, ఫోను ఎవరికి చేయాలో పక్కనే రాయండి. ఒక్క రోజులో రెండు తోటలు పెట్టుకోకండి. రెండోదాన్ని నడుస్తూ చూస్తారు, మొదటిదాన్ని గడియారం చూసుకుంటూ చూస్తారు.

వేళ కూడా ముఖ్యం. లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త 1751లో అచ్చయిన తన గ్రంథంలో ఏ పువ్వు ఏ గంటకు విచ్చుకుంటుందో, ఏ గంటకు ముడుచుకుంటుందో వరుసగా రాశాడు. పూలతోనే గడియారం కట్టవచ్చని ఆయన ఆలోచన. తామర పొద్దున్నే విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకోవడం మొదలుపెడుతుంది. చంద్రకాంత సాయంత్రం దాకా కళ్లు తెరవదు. గడ్డిగులాబీకి ఎండ కావాలి, మబ్బు పడితే ముడుచుకునే ఉంటుంది. తామర కొలను చూడటానికి మధ్యాహ్నం రెండింటికి చేరినవారు ఆ రోజు పూయలేదేమో అనుకుని వెనక్కి వెళ్లిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ప్రతిసారీ మనసు చివుక్కుమనేది.

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. పూలంటే ప్రాణం. కానీ మోకాళ్లు సహకరించవు, పది నిమిషాలకు మించి నడవలేదు. ఎక్కడికైనా వెళ్దామంటే "నా కోసం మీరంతా ఆగిపోవాలి, నేను రాను" అంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: తీసుకెళ్లండి. ఈ ఉత్తరం చదవగానే మా మేనత్త గుర్తొచ్చింది. ఆమె 81వ ఏట ఒక ఉదయం ఆమెను పొద్దుతిరుగుడు చేనుకు తీసుకెళ్లాను. గట్టు మీద మడతకుర్చీ వేసి, చేతికందే ఎత్తులో ఉన్న ఒక పువ్వు ముందు కూర్చోబెట్టాను. నలభై నిమిషాలు ఆమె ఆ ఒక్క పువ్వునే చూసింది.

ఆ నలభై నిమిషాల్లో ఏం చూసిందో చెబుతాను. పొద్దుతిరుగుడును మనం ఒక పువ్వు అంటాం కానీ అది వందల పూల గుంపు. మధ్యలో ఉన్న గుండ్రటి పళ్లెం నిండా బుల్లి పూలే. అవి అన్నీ ఒకేసారి విచ్చవు. అంచున ఉన్నవి ముందు విచ్చుకుంటాయి, తర్వాత రోజుకు కొంత చొప్పున ఆ విచ్చుకోవడం లోపలికి జరుగుతుంది. మేం చూసిన పువ్వులో అంచు వరసలు అప్పటికే వాడిపోయాయి. వాటి లోపల వేలెడు వెడల్పున పసుపు వలయం, పుప్పొడితో మెత్తగా ఉంది. ఇంకా లోపల పచ్చటి మొగ్గలు బిగుసుకుని ఉన్నాయి. తేనెటీగ వచ్చి ఆ వలయం మీదే గానుగెద్దులా చుట్టూ తిరిగింది. వాడిన వైపు వెళ్లలేదు, మొగ్గల వైపూ వెళ్లలేదు. మేనత్త దాన్ని కనిపెట్టి "దీనికి దారి ఎవరు గీశారే" అంది. ఒక్కో బుల్లి పువ్వు మొదట పుప్పొడిని పైకి నెడుతుంది. మర్నాడు అందులోంచే కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన, పైకి వచ్చి రెండుగా చీలి వంపు తిరుగుతుంది. భూతద్దం తీసుకెళ్లాను కాబట్టి ఆ వంపు కూడా చూసింది.

కుర్చీ ఎక్కడ వేయాలో చెబుతాను. లేత పొద్దుతిరుగుడు మొక్క పగలంతా సూర్యుడి వెంట తిరుగుతుంది. పూర్తిగా విచ్చిన పువ్వు మాత్రం తిరగడం మానేసి తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. అలా నిలిచిన పువ్వు పొద్దున త్వరగా వెచ్చబడుతుందనీ, అందువల్ల తేనెటీగలు ఎక్కువగా వస్తాయనీ 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. కాబట్టి చేనుకు తూర్పు గట్టున, పొద్దున పూట కుర్చీ వేయండి. ఎండ అమ్మ వీపు మీద పడుతుంది, పూలన్నీ అమ్మ వైపే చూస్తుంటాయి.

మీ అమ్మగారికి కావలసింది ఎక్కువ దూరం తిరగడం కాదు. మంచి చోటు, మంచి వేళ, పక్కన ఒక మనిషి. సామాన్లు ఒళ్లో పెట్టి మీరంతా వెళ్లిపోతే మాత్రం కాపలా పెట్టినట్లవుతుంది. వంతులు వేసుకోండి. ఒకరు తిరిగి వచ్చి ఏం చూశారో చెప్పాలి, ఇంకొకరు అమ్మ చూసిందేమిటో అడగాలి.

ఫోనులో ముందే కనుక్కోవాల్సినవి కొన్ని ఉన్నాయి. దారి గట్టి నేలా, కంకరా? కంకర మీద చక్రాల కుర్చీ కదలదు. గేటు నుంచి మొదటి బల్ల ఎంత దూరం, నీడ ఉందా, మరుగుదొడ్డి దగ్గర్లో ఉందా అని అడగండి. చూపు మందగించి ఉంటే వాసనగల ఆకులున్న చోటు వెతకండి. లావెండర్, పుదీనా జాతుల్లో నూనె ఆకు మీది సన్నటి గ్రంథుల్లోనూ ఉంటుంది. ఆకును వేళ్ల మధ్య నలిపితే చాలు, పూత లేని రోజున కూడా పరిమళం వస్తుంది. చీకటి పడే వేళ గుబాళించే తెల్లపూలు చాలావరకు రాత్రి తిరిగే చిమ్మటల కోసం పూసేవి. ఎండకు తట్టుకోలేని పెద్దవారికి ఆ పూట బాగుంటుంది.

ఇంకొక మాట. రెండు రోజుల ముందు చెప్పకండి. వద్దనడానికి ఆమెకు రెండు రోజులు దొరుకుతాయి. ఆ పొద్దున్నే, బండి తాళం చేతిలో పట్టుకుని "అమ్మా, బయల్దేరుతున్నాం, రా" అనండి.

ప్రశ్న: ఫొటోల కోసం పిల్లలు పూలసాళ్ల మధ్యలోకి వెళ్తే రైతు గట్టిగా కేకలేశాడు. ఒక్క పువ్వూ తెంపలేదు. అంత కోపం అవసరమా?

జవాబు: ఆయన కోపం న్యాయమైనదే. పూలు తెంపకపోయినా అడుగులు పడ్డాయి కదా. తడి నేల మీద నడిస్తే మట్టి గట్టిపడి, వేళ్లకు గాలీ నీరూ అందడం తగ్గిపోతుంది. మీ తర్వాత అదే సందులోంచి ఇంకా ఎందరో వెళ్తారు. ఫొటో కోసం లోపలికి వెళ్లనక్కర్లేదు. సాలు చివర నిలబడి, ఫోనును పూల ఎత్తుకు దించి, కొంచెం దగ్గరకు లాగి తీయండి. పూలు ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి నేల కనబడకుండా వస్తాయి.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి. అమ్మకానికి పెంచే పూలకు పురుగుమందు కొడతారు. ఎప్పుడు కొట్టారో అడిగాకే పిల్లల్ని దగ్గరకు వెళ్లనివ్వండి. తోటల్లో గన్నేరు, ఉమ్మెత్త లాంటివి అందంగా కనిపించినా విషం. ఆకైనా పువ్వైనా నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండండి. తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చే తత్వం ఎవరికైనా ఉంటే వారి మందు మీ సంచిలో ఉండాలి. తిరిగి బండి ఎక్కే ముందు అందరి చేతులూ సబ్బుతో కడిగించండి.