తట్టి లేపకండి, దూరం నుంచి పిలవండి

ప్రశ్న: మావారు ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. కశ్మీర్‌లో ఉండగా పేలుడులో ఆయన స్నేహితుడు కళ్ళెదుటే పోయాడు. ఇప్పుడు బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. ఆయన బ్యాంకులో గన్‌మ్యాన్. నిద్రలో కేకలు పెడతారు. మొన్న తట్టి లేపితే నా గొంతు పట్టుకున్నారు. తాగుడు ఎక్కువైంది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ‘నాకేం పిచ్చా’ అంటున్నారు. అత్తగారేమో దిష్టి తగిలిందంటారు.

జవాబు: అమ్మా, ఆ క్షణంలో ఆయన చేతికి దొరికింది మీరని ఆయనకు తెలియదు. అయినా మీకు ప్రమాదం నిజమే. ఇకమీదట ముట్టుకుని లేపకండి. లైటు వేసి, మంచానికి దూరంగా కాళ్ళ వైపు నిలబడి, ‘ఏమండీ, మనం బెంగళూరులో ఉన్నాం, మన ఇంట్లోనే’ అని మెల్లగా చెప్పండి. తేరుకున్నాక మంచినీళ్ళివ్వండి. ఏం కల వచ్చిందని గుచ్చి గుచ్చి అడగొద్దు.

ఇది పిచ్చీ కాదు, దిష్టీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని ‘షెల్ షాక్’ అన్నారు. 1980 నుంచి వైద్యులు ‘పీటీఎస్‌డీ’ అంటున్నారు, అంటే భయానక ఘటన తర్వాత మనసులో మిగిలిపోయే గాయం. ప్రాణాపాయం గడిచిపోయినా ఒళ్ళు ఇంకా కాపలా కాస్తూనే ఉంటుంది. అందుకే చిన్న చప్పుడుకే ఉలికిపాటు, కోపం, కలత నిద్ర. ఏళ్ళ తరబడి ఇలాగే సాగితే బీపీ, గుండె జబ్బుల ముప్పు కూడా పెరుగుతుంది.

మందు తాగితే నిద్ర పడుతుందని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. తెల్లవారుజామున ఆ నిద్రను చెడగొట్టేదీ అదే. కానీ రోజూ తాగే మనిషి చేత ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చూస్తుండగానే మానాలి.

‘పిచ్చి’ అన్న మాటే ఎత్తకండి. ‘నిద్ర కోసం ఒకసారి చూపించుకుందాం’ అనండి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు ఉంటే పాలీక్లినిక్‌లో రెఫరల్ అడగండి. హోసూరు రోడ్డులో మానసిక వైద్యానికి పేరున్న ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. ఆ జ్ఞాపకాల మీదే పనిచేసే కౌన్సెలింగ్ ఉంది, మందులూ ఉన్నాయి. చాలామంది కోలుకుంటారు. ఆయన రానంటే ముందు మీరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంకో మాట, అడక్క తప్పదు: ఆ తుపాకీ ఇంటికి తెస్తున్నారా? తెస్తుంటే డ్యూటీ తర్వాత బ్యాంకులోనే పెట్టే వీలుందేమో కనుక్కోండి. కుదరకపోతే తుపాకీ, తూటాలు వేర్వేరు చోట్ల తాళంలో ఉండాలి. ఆయన చావు మాటెత్తినా, మెలకువలో మీ మీద చెయ్యి చేసుకున్నా తెల్లవారేదాకా ఆగకండి. 112కు ఫోన్ చేయండి. నిమ్హాన్స్ ఎమర్జెన్సీ రాత్రంతా తెరిచే ఉంటుంది.