సిగరెట్ మానేసి పైపు పట్టుకుంటే మేలేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. ఇరవై ఏళ్లుగా సిగరెట్లు తాగుతున్నాను, రోజుకు 15 దాకా. పొద్దున లేవగానే దగ్గు వస్తోంది. రెండుసార్లు మానేశాను కానీ పది రోజులు దాటలేకపోయాను. పైపు అయితే పొగ ఊపిరితిత్తుల్లోకి లాగక్కర్లేదు, కాగితం ఉండదు, అసలైన పొగాకు కాబట్టి హాని తక్కువ అని ఒక మిత్రుడు చెప్పాడు. మూడు వారాల క్రితం పైపు కొన్నాను. సిగరెట్లు నాలుగైదుకు తగ్గాయి. అయితే మొదటి రెండు మూడు రోజులు తల తిరిగి, చెమటలు పట్టి, వాంతి వచ్చినంత పనైంది. నాలుక ఇప్పటికీ మండుతోంది. కొత్త కాబట్టి ఇలా ఉందా? పూర్తిగా పైపుకు మారిపోవచ్చా? అలవాటయ్యేదాకా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: రెండుసార్లు మానేసి, మళ్లీ మొదలై, ఇప్పుడు మూడో దారి వెతుక్కుంటున్నారంటే మానాలన్న పట్టుదల మీలో గట్టిగానే ఉంది. అందుకే సూటిగా చెబుతున్నాను. పైపుకు అలవాటు పడకండి. మూడు వారాలే అయింది కాబట్టి వదిలేయడానికి ఇంతకంటే తేలికైన సమయం మళ్లీ రాదు. ఎందుకు వద్దంటున్నానో, మరి ఏం చేయాలో వివరంగా రాస్తాను.

మీ మిత్రుడి మాటలో కొంత నిజం ఉంది. సిగరెట్ పొగకు ఆమ్లగుణం ఎక్కువ. అలాంటి పొగలోని నికోటిన్ నోటి లోపలి పొర గుండా సరిగా ఇంకదు. అందుకే సిగరెట్ తాగేవాళ్లు పొగను ఊపిరితిత్తుల దాకా లాగుతారు. అక్కడ రక్తంలో కలిసిన నికోటిన్ 10-20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. పైపులో వాడే చాలా రకాల పొగాకు పొగకు క్షారగుణం ఎక్కువ కాబట్టి, పొగ నోట్లో ఉండగానే బుగ్గల లోపలి పొర నికోటిన్‌ను పీల్చేసుకుంటుంది. మొదటినుంచీ పైపు మాత్రమే తాగినవాళ్లు పొగను నోట్లో ఉంచుకుని వదిలేస్తారు. సిగరెట్ తాగేవాళ్లతో పోలిస్తే వాళ్లలో ఊపిరితిత్తుల జబ్బులు తక్కువగా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే.

మీ సంగతి వేరు. రోజుకు 15 సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు అని లెక్కేసినా ఇరవై ఏళ్లలో పది లక్షలకు పైగా దమ్ములు లాగారు. ఇన్నేళ్ల అలవాటులో పెదవుల మధ్య పొగ తగలగానే ఛాతీ దానంతట అదే తెరుచుకుంటుంది. ఈ మూడు వారాల్లో పైపు తాగినప్పుడు ఏం జరిగిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. దమ్ము తీశాక ఛాతీ కాస్త పైకి లేచిందా? పొగ వదిలినప్పుడు ముక్కులోంచి కూడా వచ్చిందా? ఒకసారి వదిలేశాక, ఆ తర్వాతి ఊపిరిలోనూ సన్నగా పొగ కనిపించిందా? వీటిలో ఒక్కదానికి అవునన్నా, మీరు పైపును సిగరెట్‌లాగే తాగుతున్నారన్నమాట. సిగరెట్ నుంచి పైపుకు మారినవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఇదే. వాళ్లు కావాలని చేసేది కాదు, చాలామందికి లోపలికి లాగుతున్నామన్న సంగతే తెలియదు.

దీన్ని రక్తపరీక్షలోనే పట్టుకున్నారు. బ్రిటన్‌లో 35-64 ఏళ్ల మగవాళ్లు 21,520 మందిని చాలా ఏళ్లు గమనించి, 1997లో ఫలితాలు ప్రచురించారు. సిగరెట్ నుంచి పైపుకో సిగార్‌కో మారి 20 ఏళ్లు దాటినవాళ్లు రోజుకు 8 గ్రాముల పొగాకే కాలుస్తున్నారు. ఎప్పుడూ సిగరెట్ ముట్టని పైపు, సిగార్ తాగేవాళ్లు వాడేదీ అంతే. అయినా మారినవాళ్ల రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉంది. అంటే పొగ ఇంకా లోపలికి వెళుతూనే ఉందన్నమాట. ఊపిరితిత్తుల క్యాన్సర్, గుండె రక్తనాళాల జబ్బు, సీఓపీడీ (శ్వాసనాళాలు మూసుకుపోయి ఏళ్ల తరబడి ఆయాసం పెట్టే ఊపిరితిత్తుల జబ్బు), ఈ మూడింటితో చనిపోయే ముప్పు వాళ్లలో సిగరెట్లు కొనసాగించినవాళ్ల కంటే దాదాపు సగం తగ్గింది. అదే కాలంలో సిగరెట్ పూర్తిగా మానేసినవాళ్లతో పోలిస్తే మాత్రం 57 శాతం ఎక్కువగా ఉంది. కాబట్టి పెనం మీంచి పొయ్యిలో పడ్డారని మిమ్మల్ని బెదిరించను. ఎటూ మారడానికి ఇంత కష్టపడుతున్నప్పుడు దక్కాల్సిన లాభంలో చాలా భాగం పోగొట్టుకుంటున్నారు, అదే నా బాధ.

పోనీ, ఎలాగోలా పొగను నోట్లోనే ఆపడం నేర్చుకున్నారనుకుందాం. అప్పుడు దెబ్బ నోటి మీద, గొంతు మీద పడుతుంది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 1982లో మొదలుపెట్టిన పెద్ద అధ్యయనంలో, పైపు తప్ప మరే పొగాకూ ముట్టని మగవాళ్లను పొగాకు జోలికే పోనివాళ్లతో పోల్చారు. 2004లో వచ్చిన ఆ లెక్కల ప్రకారం పైపు తాగేవాళ్లలో స్వరపేటిక క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు 13 రెట్లు, నోరు, గొంతు క్యాన్సర్లతో దాదాపు 4 రెట్లు ఉంది. పొగ మింగరని అందరూ అనుకునే వీళ్లలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 5 రెట్లు ఉంది. పైపు తాగేవాళ్లకు పెదవి మీద క్యాన్సర్ వస్తోందని జర్మన్ వైద్యుడు జోమరింగ్ 1795లోనే రాశాడు. అప్పటికి సిగరెట్ ఇంకా వాడుకలోకి రాలేదు.

కాగితం లేకపోవడం వల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. ఆకు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్, తారు, క్యాన్సర్ కలిగించే నైట్రోసమైన్లు పైపు పొగలోనూ ఉంటాయి. వాసన కమ్మగా ఉందని ఇంట్లోవాళ్ల ముందు ముట్టించకండి, ఆ పొగ వాళ్లకూ హానే.

ఇక మీకు కనిపించిన లక్షణాల సంగతి. తల తిరగడం, చెమటలు, కడుపులో తిప్పడం నికోటిన్ మోతాదు మించినప్పుడు వచ్చేవి. సిగరెట్‌లో గ్రాము లోపే పొగాకు ఉంటుంది, అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. పైపు గిన్నె ఒకసారి నింపితే దానికి రెండు మూడు రెట్లు పడుతుంది, అరగంటకు పైగా కాలుతుంది. దాన్ని సిగరెట్ వేగంతో లాగితే ఒళ్లు తట్టుకోలేదు. అలా జరిగితే వెంటనే ఆపేసి, గాలి తగిలే చోట కూర్చుని మంచినీళ్లు తాగాలి. గంటా రెండు గంటల్లో సర్దుకుంటుంది. వాంతులు ఆగకపోయినా, గుండె దడ తగ్గకపోయినా, స్పృహ తప్పేలా ఉన్నా ఆస్పత్రికి వెళ్లాలి. అలవాటయ్యాక ఇవి పోతాయన్నది నిజమే. అయితే అప్పటికి హెచ్చరించడం మానేసిన ఒంట్లోకి అదే నికోటిన్ రోజూ వెళుతుంటుంది.

నాలుక మంటకు కారణం వేడి పొగ, అందులోని ఆవిరి, క్షారగుణం, మూడూ కలిసి నాలుక పైపొరను కాల్చడం. పైపు ఆపేస్తే వారం పది రోజుల్లో తగ్గుతుంది. రెండు వారాలు దాటినా మంట పోకపోతే దంతవైద్యుడికి చూపించండి.

ఏళ్ల తరబడి పైపు తాగినవాళ్ల నోట్లో టార్చ్ వేసి చూస్తే తరచుగా ఒక దృశ్యం కనిపిస్తుంది. మామూలుగా గులాబీ రంగులో ఉండాల్సిన అంగిలి తెల్లగా, మందంగా, బీటలు వారిన మట్టినేలలా ఉంటుంది. దాని మీద అక్కడక్కడ ఎర్రటి చుక్కలుంటాయి. అవి వేడికి వాచిపోయిన లాలాజల గ్రంథుల నోళ్లు. నొప్పి ఉండదు కాబట్టి చాలామందికి తెలియనే తెలియదు. పైపు మానేస్తే సాధారణంగా కొన్ని వారాల్లో అంగిలి మళ్లీ మామూలవుతుంది. కానీ బుగ్గ లోపల, నాలుక పక్కన, పెదవి మీద రుద్దినా పోని తెల్లమచ్చ కనబడితే అది వేరే విషయం, ముక్క తీసి పరీక్ష చేయించాల్సి రావచ్చు. పైపు కాడను ఎప్పుడూ ఒకే చోట పళ్ల మధ్య బిగించి పట్టుకునేవాళ్లకు అక్కడ పళ్లు అరిగి గాడి పడుతుంది, చిగుళ్లు కూడా దెబ్బతింటాయి.

సిగరెట్లు నాలుగైదుకు తగ్గాయని రాశారు. ఆ కష్టం నాకు తెలుసు, అభినందిస్తున్నాను. అయితే గుండె ఈ లెక్కను మనం అనుకున్నట్టు చూడదు. రోజుకు 20 తాగేవాడికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, రోజుకు ఒక్కటే తాగేవాడికీ అందులో దాదాపు సగం పెరుగుతుంది. పైగా ఇప్పుడు దాని మీద పైపు చేరింది.

మీరు పైపులో వెతుక్కున్నది ఏమిటో ఆలోచించండి. పొగ ఊపిరితిత్తుల్లోకి పోకుండా, నికోటిన్ నోటి ద్వారా అందాలి, అంతే కదా? ఆ పని నికోటిన్ గమ్ చేస్తుంది. పైపు పొగ నోట్లో ఇంకడానికి ఏ క్షారగుణం కారణమో, గమ్ తయారీలోనూ అదే సూత్రం వాడారు. తేడా ఏమిటంటే ఇందులో ఏదీ కాలదు. తారు ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ ఉండదు.

గమ్ పనిచేయలేదని చెప్పేవాళ్లలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలినవాళ్లే. అలా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి వృథా అవుతుంది, ఎక్కిళ్లు, గుండెల్లో మంట వస్తాయి. నెమ్మదిగా నమలండి. కారంగానో చిరచిరగానో అనిపించగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోండి. ఆ ఘాటు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు నమిలి, ఈసారి రెండో వైపు పెట్టుకోండి. అలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, కూల్‌డ్రింక్, పుల్లటి రసాలు తాగకండి. నోట్లో ఆమ్లగుణం పెరిగితే, సిగరెట్ పొగలాగే గమ్‌లోని నికోటిన్ కూడా ఇంకదు. నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ ముట్టించే అలవాటుంటే 4 మిల్లీగ్రాములది, లేకపోతే 2 మిల్లీగ్రాములది సరిపోతుంది.

గమ్ ఒక్కటే కాకుండా నికోటిన్ ప్యాచ్ కూడా వాడితే మానేసే అవకాశం పెరుగుతుంది. రోజంతా నిలకడగా నికోటిన్ ఇచ్చేది ప్యాచ్. ఉన్నట్టుండి తాగాలనిపించినప్పుడు ఆదుకునేది గమ్. రోజుకు పదికి పైగా సిగరెట్లు తాగినవాళ్లకు సాధారణంగా 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌తో ఆరు వారాలు మొదలుపెట్టి, తర్వాత 14, ఆ తర్వాత 7కు రెండేసి వారాల చొప్పున తగ్గిస్తాం. వెంట్రుకలు లేని పొడి చర్మం మీద, రోజూ చోటు మార్చి అంటించుకోవాలి. పీడకలలు వస్తుంటే రాత్రి తీసేయొచ్చు. వరెనిక్లిన్ అనే మాత్ర కూడా బాగా పనిచేస్తుంది. 12 వారాల కోర్సు, డాక్టర్ చీటీతోనే వాడాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే ముందే చెప్పండి. ఇటీవల గుండెపోటు వచ్చినా, గుండె లయలో తేడాలున్నా ఇవేవీ సొంతంగా మొదలుపెట్టకండి.

మీరు రెండుసార్లూ పది రోజుల దగ్గర ఆగిపోయానని బాధపడుతున్నారు. నిజానికి చిరాకు, టెన్షన్, నిద్రలేమి రెండు మూడు రోజులకే తారస్థాయికి చేరి, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. మీరు ఆ శిఖరం దాటేసి దిగే దారిలో ఆగిపోయారు, అదీ ఏ మందు సాయమూ లేకుండా. ఈసారి ఆ పదో రోజు నాటికి ఒంటి మీద ప్యాచ్, జేబులో గమ్ ఉండాలి.

ఇంకో చిన్న విషయం, చాలామందికి ఎవరూ చెప్పరు. పొగాకు పొగ వల్ల కాలేయం కెఫీన్‌ను వేగంగా ఖర్చు చేస్తుంది. మానేయగానే ఆ వేగం తగ్గి, రోజూ తాగే కాఫీయే ఎక్కువైపోతుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం సిగరెట్ లేక వచ్చిందనుకుంటారు. మానిన రోజు నుంచి కాఫీ సగానికి తగ్గించండి. ఉబ్బసానికి థియోఫిలిన్, మానసిక సమస్యలకు క్లోజపిన్ లేదా ఒలాంజపిన్ వాడుతున్నవాళ్లు మానే ముందే డాక్టర్‌కు చెప్పాలి, మోతాదు మార్చాల్సి రావచ్చు.

రెండు వారాల్లోపు ఒక తేదీ పెట్టుకోండి. ఆ రోజుకు పైపు, మిగిలిన పొగాకు, లైటర్ ఇంట్లోంచి పోవాలి. మీ వయసులో మానేసినవాళ్లు, తాగుతూనే ఉన్నవాళ్ల కంటే సగటున 9 ఏళ్లు ఎక్కువ బతుకుతారని బ్రిటిష్ వైద్యుల మీద 50 ఏళ్లు సాగిన అధ్యయనం చెబుతోంది.

పొద్దుటి దగ్గుకు స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేయించుకోండి, దానితోపాటే బీపీ, షుగర్, కొలెస్టరాల్ కూడా. మానేశాక మొదటి కొన్ని వారాలు దగ్గు, కఫం పెరిగినట్టనిపిస్తే భయపడి మళ్లీ ముట్టించకండి, శ్వాసనాళాలు పేరుకున్న కఫాన్ని బయటికి నెట్టడం మొదలుపెట్టాయన్నమాట. కఫంలో రక్తం పడినా, గొంతు బొంగురు మూడు వారాలకు పైగా ఉన్నా, మింగడం కష్టమైనా, నోట్లో పుండు మానకపోయినా, మెడలో గడ్డ తగిలినా ఆ తేదీ కోసం ఆగకుండా ముందే డాక్టర్‌ను కలవండి.